వీసా తిరస్కరణ తరువాత: కారణం తెలియకుండా రెండో అప్పు వద్దు

ఒక శుక్రవారం గొల్లపల్లిలో జుమా నమాజు ముగిసి జనం మసీదు మెట్లు దిగుతున్న వేళ, ముప్పయి ఏళ్ళ యువకుడొకడు మా వద్దకు వచ్చి చేతిలోని ప్లాస్టిక్ కవరు విప్పాడు. అందులో పాత పాస్‌పోర్ట్, కొత్త పాస్‌పోర్ట్, మెడికల్ కాగితం, అరబీలో ముద్రించిన ఒక పుట ఉన్నాయి. "భాయ్ సాబ్, ఇంకోసారి వేస్తే వీసా వస్తదా?" అన్నది అతని ప్రశ్న.

నాలుగేళ్ళు రియాద్‌లో పనిచేసి ఇంటికి వచ్చినవాడు. మళ్ళీ పోవడానికి ఒక ఏజెంటుకు డబ్బు కట్టాడు. కొన్ని నెలలు తిప్పిన తరువాత వీసా రిజెక్ట్ అయిందని ఆ ఏజెంటు చెప్పాడు. ఎందుకని అడిగితే, "నీ మీద బ్యాన్ ఉన్నది. ఇంకో లక్షన్నర పెడితే తీయిస్త" అన్నాడు. తల్లి మెడలోని గొలుసు అప్పటికే కుదువలో ఉంది. మిగిలింది ఇంటి వెనుక ఐదు గుంటల జాగా. దానిని అమ్మాలా వద్దా అన్నదే అతడు నిజంగా అడుగుతున్న మాట.

బ్యాన్ ఉన్నదని ఎవరు చెప్పారని మేము అడిగాము. ఏజెంటే చెప్పాడన్నాడు. కాగితం ఏదైనా చూపించాడా అంటే లేదన్నాడు. కవరులోని అరబీ పుట నెలల తరబడి అతని వద్దనే ఉంది. దానిని ఎవరి చేతా చదివించలేదు. మౌల్వీ సాబ్ కళ్ళద్దాలు పెట్టుకొని ఆ పుటను నిదానంగా చదివి, "ఖురూజ్ నిహాయీ అని ఉంది, ఫైనల్ ఎగ్జిట్" అన్నారు. అంటే పాత కంపెనీ లెక్క చూసి, పద్ధతి ప్రకారం పంపించివేసింది. అతడు పారిపోయినవాడు కాదు, పట్టుబడి పంపబడినవాడూ కాదు. తరువాత రియాద్‌లోని అతని పాత గది మిత్రుడు వెళ్ళి విచారిస్తే అసలు సంగతి తెలిసింది. వీసా ఇస్తామన్న కొత్త కంపెనీలో ఉండవలసినంత మంది సౌదీ పౌరులు లేరు. అందుచేత ఆ కంపెనీకి కొత్త వీసాలే ఆగిపోయాయి. లోపం కంపెనీది, అప్పు మనవాడిది. లేని బ్యాన్‌ను తీయించడానికి లక్షన్నర అడిగారు.

ఇటువంటి కవర్లు పట్టుకొని వచ్చేవారు గొల్లపల్లిలోనే కాదు, కోరుట్లలోనూ సిరిసిల్లలోనూ మాకు ఎదురవుతూనే ఉన్నారు. వారందరికీ మేము చెప్పదలచినది ఒక్కటే. తిరస్కరణకు కారణం కాగితం మీద చూడకుండా రెండో దరఖాస్తుకు ఒక్క రూపాయి కూడా కట్టవద్దు. కారణం తెలిస్తే సగం సందర్భాలలో దారి దొరుకుతుంది. మిగిలిన సగంలో కనీసం ఇల్లు నిలుస్తుంది.

దరఖాస్తుదారు ఎవరు?

మనవాళ్ళు "వీసా వేసిన" అంటారు. నిజానికి గల్ఫ్ ఉద్యోగ వీసాను వేసేది మనం కాదు. అక్కడి కఫీల్, అంటే యజమాని, తన ప్రభుత్వాన్ని అడుగుతాడు. అనుమతి అయినా తిరస్కరణ అయినా ముందు చేరేది అతనికే. అతని నుండి అక్కడి ఏజెంటుకు, అక్కడి ఏజెంటు నుండి ముంబయి లేదా హైదరాబాదు ఏజెంటుకు, అతని నుండి మండల కేంద్రంలోని సబ్ ఏజెంటుకు, చివరకు మనకు వార్త అందుతుంది. ఇన్ని నోళ్ళు దాటి వచ్చేసరికి కారణం రాలిపోతుంది, "రిజెక్ట్" అన్న ఒక్క మాట మిగులుతుంది. ఆ ఖాళీలోనే ఏజెంటు తనకు అనుకూలమైన కారణాన్ని నింపుతాడు.

ఇతర దేశాల తీరు చూస్తే ఈ చీకటి సహజమైనది కాదని తెలుస్తుంది. ఐరోపాలోని షెంగెన్ దేశాలు వీసా నిరాకరిస్తే ఏ కారణం చేతనో నిర్ణీత పత్రంలో తెలపాలి, అప్పీలు హక్కు కూడా ఉంటుంది. 2009 నాటి వారి వీసా కోడ్ ఈ నియమాన్ని పెట్టింది. అమెరికా కాన్సులేట్‌లో చదువు వీసా దొరకని మన పిల్లల చేతికి ఏ సెక్షన్ కింద తిరస్కరించారో తెలిపే కాగితం వస్తుంది. చాలాసార్లు అది 214(బి), అంటే చదువు ముగిశాక స్వదేశానికి తిరిగి వస్తారని అధికారికి నమ్మకం కలగలేదన్న మాట. దానికి శాశ్వత నిషేధం లేదు. పరిస్థితి మారితే మళ్ళీ రుసుము కట్టి అడగవచ్చు. ఇంగ్లీషు చదివిన విద్యార్థికి దక్కే ఈ కనీస మర్యాద ఇటుకలు మోసే కూలీకి ఎందుకు దక్కకూడదన్నది మా మొదటి ప్రశ్న.

అన్ని తిరస్కరణలు ఒకటి కావు

సౌదీ అరేబియా 2011లో నితాఖత్ విధానం తెచ్చింది. తగినంత మంది స్వదేశీయులను నియమించని సంస్థలను ఎరుపు వర్గంలో చేర్చి, కొత్త వీసాలు ఆపివేస్తారు. ఇటువంటి తిరస్కరణలో కార్మికుడి పేరున ఏ మచ్చా పడదు. మరొక యజమాని ద్వారా పోవచ్చు. ఇక్కడ తీయించవలసిన బ్యాన్ అంటూ ఏదీ లేదు.

రెండవది, చుట్టీ మీద వచ్చి తిరిగి పోనివారి సంగతి. జీతం సరిగా ఇవ్వని కఫీల్ వద్దకు మళ్ళీ పోలేక ఊళ్ళోనే ఆగిపోయినవారు మన పల్లెల్లో చాలామంది. ఎగ్జిట్ రీఎంట్రీ వీసా మీద వచ్చి గడువులోగా తిరిగి చేరకపోతే, పాత యజమాని వద్దకు తప్ప మూడేళ్ళ పాటు సౌదీకి పోరాదన్న నియమం చాలా కాలం నడిచింది. 2024 జనవరిలో ఆ నిషేధాన్ని ఎత్తివేశారు. ఈ మార్పు తెలియని కుటుంబాలు ఇప్పటికీ "మూడేళ్ళ బ్యాన్ తీయిస్తాం" అనేవారి మాట నమ్మే ప్రమాదం ఉంది. ప్రభుత్వమే ఎత్తివేసిన నిషేధాన్ని తీయించడానికి ఎవరికి డబ్బు కట్టాలి?

మూడవది, ఖల్లివెల్లి అయినవారి సంగతి. కఫీల్‌ను విడిచి బయట పనిచేసినవారిని మన పల్లెలు ఈ మాటతోనే పిలుస్తాయి. యజమాని "హురూబ్", అంటే పారిపోయాడని, ఫిర్యాదు రాస్తే మనిషి హోదా పోతుంది. జీతం అడిగినందుకే హురూబ్ రాసిన యజమానులు ఉన్నారని గల్ఫ్ చూసి వచ్చిన ప్రతివాడికీ తెలుసు. 2022లో సౌదీ ప్రభుత్వం ఈ నియమాన్ని సవరించింది. అటువంటి కార్మికుడు మరొక యజమాని వద్దకు మారడానికో, ఫైనల్ ఎగ్జిట్ తీసుకోవడానికో 60 రోజుల గడువు ఇచ్చింది. ఆ అరవై రోజుల విలువ అక్కడ ఉన్న మన బిడ్డలకు ఫోనులోనైనా చెప్పవలసిన బాధ్యత ఇక్కడి మనది.

నాలుగవది, పట్టుబడి వేలిముద్రలు తీసి పంపబడినవారు. ఇది నిజంగా కఠినమైన తలుపు. ఇలా పంపబడినవారు పని వీసా మీద తిరిగి రాలేరని, హజ్, ఉమ్రాలకు మాత్రం రావచ్చునని సౌదీ జవాజాత్ అధికారులు చెబుతూ వచ్చారు. పని కోసం మూసిన ద్వారం ఆరాధన కోసం తెరచి ఉందన్నది మన కుటుంబాలకు ఓదార్పే. అయితే ఉమ్రా వీసా మీద పంపి అక్కడే పనికి పెట్టిస్తామని ఆశ పెట్టేవారు కూడా ఈ ద్వారం వద్దే కాచుకొని ఉంటారు. అది మరొకసారి వేలిముద్రలు వేయించుకునే దారి. పుణ్యయాత్రను అటువంటి మోసానికి ముసుగు కానీయకూడదు.

ఐదవది, క్షమాభిక్షలో తిరిగి వచ్చినవారు. వీరు చేతిలో రక్షణ ఉండి కూడా దానిని ఎరుగనివారు. సౌదీలో 2017 మార్చి 29న మొదలైన 90 రోజుల గడువులో స్వయంగా వెళ్ళిపోయినవారికి వేలిముద్రల నిషేధం వర్తించదని ప్రకటించారు. యూఏఈలో 2024 సెప్టెంబరు 1 నుండి డిసెంబరు 31 వరకు నడిచిన క్షమాభిక్షలో వెళ్ళినవారికి తిరిగి రావడంపై నిషేధం వేయలేదు. ఔట్‌పాస్ మీద వచ్చామన్న సిగ్గుతో ఆ కాగితాలను చించివేసినవారిని మేము చూశాము. అది అవమాన పత్రం కాదు. రేపటి దరఖాస్తుకు అదే సాక్ష్యం. దయచేసి దాచుకోండి.

ఇవి కాక మెడికల్ అన్‌ఫిట్, బ్యాంకు అప్పు, కోర్టు కేసు వంటి కారణాలు ఉన్నాయి. అప్పు తీర్చనిదే, కేసు ముగియనిదే ఎన్ని దరఖాస్తులు వేసినా ఫలితం ఉండదు. మెడికల్‌లో తప్పితే ముందు పోవలసింది డాక్టరు వద్దకు, తరువాతే ఏజెంటు వద్దకు.

మన పేర్ల కథ

ముస్లిం కుటుంబాలకు ప్రత్యేకంగా తగిలే కారణం ఒకటి ఉంది. అది పేరు. ఒకే మనిషి బడి రికార్డులో ఎండీ, ఆధార్‌లో మహమ్మద్, పాస్‌పోర్ట్‌లో మొహ్‌డ్, పాత అకామాలో మరొక అక్షరక్రమం. తండ్రి పేరుకు ముందు ఒకచోట షేక్ ఉంటుంది, మరొకచోట ఉండదు. ఆడపిల్లల పేరు చివర బేగం ఒక కాగితంలో చేరుతుంది, మరొక కాగితంలో సుల్తానా అవుతుంది. ఒకే మండలంలో ఒకే పేరు, ఒకే తండ్రి పేరు గల ఇద్దరు దొరకడం మన వద్ద వింత కాదు. గుమాస్తా తొందరలో రాసిన అక్షరం ఇరవై ఏళ్ళ తరువాత కంప్యూటరు ముందు అనుమానంగా నిలుస్తుంది.

2022 నవంబరులో యూఏఈ మరొక నియమం తెచ్చింది. పాస్‌పోర్ట్‌లో ఒకే ఒక పేరు ఉండి, ఇంటిపేరు లేదా అసలు పేరు గడి ఖాళీగా ఉన్నవారిని కొత్త వీసాలపై అనుమతించబోమని విమాన సంస్థలకు తెలిపింది. తరువాత పాస్‌పోర్ట్ చివరి పుటలో తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే ఒప్పుకుంటామని సడలించింది. ఒంటి పేరుతో పాస్‌పోర్ట్ తీసుకున్నవారు మన ఇళ్ళలో, ముఖ్యంగా స్త్రీలలో, తక్కువేమీ కాదు. దీనికి మందు పాస్‌పోర్ట్ కార్యాలయంలో ఉంది. నిర్ణీత రుసుము కట్టి, ఆధారాలు చూపి, పేరును చట్టబద్ధంగా సరిచేయించుకోవచ్చు. పుట్టిన బిడ్డకు జనన ధ్రువపత్రం రాయించే రోజే నిండు పేరు, ఒకే అక్షరక్రమంలో రాయించడం అంతకన్నా సులువు.

పేరు సరిచేసుకోవడం వేరు, పేరు మార్చి మరొక మనిషిగా పోవడం వేరు. రెండవదానిని సలహాగా ఇచ్చేవారు మన మధ్యనే ఉన్నారు. "కొత్త పాస్‌పోర్ట్, కొత్త పేరు, పాత బ్యాన్ పోతది" అంటారు. పోదు. వేలిముద్రలు మారవు. యూఏఈ అయితే పంపివేసినవారి కనుపాపలను 2000 దశకం ఆరంభంలోనే నమోదు చేయడం మొదలుపెట్టింది. ఇక్కడ మన దేశంలో, పాస్‌పోర్ట్ కోసం తెలిసి తప్పుడు సమాచారం ఇస్తే 1967 నాటి పాస్‌పోర్ట్ చట్టంలోని 12వ సెక్షన్ కింద రెండేళ్ళ వరకు జైలు పడవచ్చు. 2024 జనవరిలో నకిలీ పత్రాలతో పాస్‌పోర్ట్‌లు ఇప్పించిన ముఠాపై తెలంగాణ సీఐడీ జరిపిన సోదాలు జగిత్యాల సహా పలు జిల్లాలలో సాగాయి. ఇటువంటి కేసు ఒకటి బయటపడితే, ఏ తప్పూ చేయని ముస్లిం యువకుడి పోలీసు వెరిఫికేషన్ మీద కూడా దాని నీడ పడుతుంది. నకిలీ కాగితం ఇప్పించేవాడు మన పేరు గలవాడే అయినా మన సమాజానికి మేలు చేసినవాడు కాడు.

అమెరికా, బ్రిటన్ దరఖాస్తులలోనూ ఇదే నీతి. ఇంతకు ముందు వీసా తిరస్కరించారా అన్న ప్రశ్న ఉంటుంది. ఉన్నది ఉన్నట్లు చెప్పినవారు మళ్ళీ అడగగలరు. వీసా కోసం అబద్ధమాడినట్లు తేలితే అమెరికా శాశ్వతంగా అనర్హులను చేయగలదు. బ్రిటన్ పదేళ్ళ వరకు తలుపు మూయగలదు. పాత తిరస్కరణ కన్నా దానిని దాచడానికి ఆడిన అబద్ధమే పెద్ద అడ్డంకి.

పాస్‌పోర్ట్ హక్కు, వీసా అనుమతి

మనవాళ్ళు ఈ రెండింటినీ ఒకటిగా చూస్తారు. వీసా పరాయి దేశపు అనుమతి. దానిని హక్కుగా అడగలేము. పాస్‌పోర్ట్ సంగతి వేరు. విదేశానికి పోవడం వ్యక్తి స్వేచ్ఛలో భాగమని 1967లో సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన తరువాతనే పాస్‌పోర్ట్ చట్టం వచ్చింది. 1977లో మేనకా గాంధీ పాస్‌పోర్ట్‌ను ప్రభుత్వం స్వాధీనం చేయమని, కారణం చెప్పడానికి నిరాకరించింది. ఆ కేసులో 1978 జనవరి 25న వచ్చిన తీర్పు, ఈ స్వేచ్ఛను హరించే పద్ధతి న్యాయంగా, సమంజసంగా ఉండాలని నిలబెట్టింది.

కాబట్టి పోలీసు వెరిఫికేషన్‌లో ఆగిన పాస్‌పోర్ట్‌కు "మీ మీద రిపోర్టు బాగా లేదు" అన్న నోటి మాటతో తృప్తి పడి ఇంటికి రాకూడదు. కారణాలను రాతలో అడిగితే, దేశ భద్రత వంటి కొన్ని సందర్భాలలో తప్ప, ఇవ్వాలని చట్టంలోని 5వ సెక్షన్ చెబుతుంది. 11వ సెక్షన్ అప్పీలుకు దారి ఇస్తుంది. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టవచ్చు. అడగడం తప్పు అనే భయం మన ఇళ్ళలో తరతరాలుగా ఉంది. ఆ భయమే ఏజెంటుకు పెట్టుబడి.

ఏజెంటు విషయంలోనూ చట్టం మౌనంగా లేదు. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా విదేశీ ఉద్యోగాలకు మనుషులను చేర్చడం నేరం. రిజిస్టరు అయిన ఏజెంటు కూడా సేవా రుసుముగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మాత్రమే తీసుకోవచ్చు. రసీదు ఇవ్వాలి. మనవాళ్ళు లక్షలు కట్టి చిట్టీ ముక్క కూడా తీసుకోరు. అప్పును, ఒప్పందాన్ని సాక్షుల ఎదుట రాసుకోవాలని మన ధర్మమే నేర్పింది. వీసా డబ్బు దగ్గరకు వచ్చేసరికి ఆ పాఠాన్ని మొహమాటానికి వదిలివేస్తున్నాము.

స్త్రీల విషయంలో జాగ్రత్త రెట్టింపు కావాలి. పదో తరగతి పాసు కాని, ముప్పయి ఏళ్ళు నిండని స్త్రీకి గల్ఫ్ దేశాలకు ఉద్యోగ క్లియరెన్స్ ఇవ్వరు. ఆ నియమాన్ని తప్పించడానికే విజిట్ వీసా మీద పంపుతారు. విజిట్ వీసా మీద పని చట్టవిరుద్ధం. యూఏఈలో గడువు దాటితే రోజుకు 50 దిర్హమ్‌ల జరిమానా పెరుగుతూ పోతుంది. ఉద్యోగ వీసా రాలేదు, విజిట్ మీద పొమ్మన్నారంటే అది రెండో అవకాశం కాదు. మన చెల్లెలిని ఏ రికార్డూ లేని ఇంట్లో వదిలివేయడమే.

చేయవలసింది ఏమిటి?

మసీదు కమిటీలను మేము కోరేది పెద్ద పని కాదు. నెలకు ఒక జుమా తరువాత ఒక గంట కేటాయించండి. అరబీ చదివిన ఒక ఆలిమ్, కంప్యూటరు తెలిసిన ఒక యువకుడు, గల్ఫ్‌లో పదేళ్ళు పనిచేసి వచ్చిన ఒక పెద్దమనిషి కూర్చుంటే చాలు. ఎవరి కవరు వారు తెచ్చుకుంటారు. ఆ కాగితంలో ఉన్నది ఫైనల్ ఎగ్జిటా, హురూబా, డిపోర్టేషనా అన్నది చదివి చెప్పండి. ఏజెంటు పేరు ఈమైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో చూడండి. ఫిర్యాదు ఉంటే మదద్ పోర్టల్‌లో, హైదరాబాదులోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయంలో రాతపూర్వకంగా వేయించండి. ఈ గంట ముస్లింల కోసమే కాకూడదు. గల్ఫ్ గదిలో మన బిడ్డతో ఒకే మంచం పంచుకున్న గొల్లవాడు, పద్మశాలి, మాదిగ సోదరుడు కూడా అదే కవరు పట్టుకొని తిరుగుతున్నాడు.

ప్రభుత్వాన్ని అడిగేది ఇంకొంచెం పెద్దది. కేరళ 1996లోనే ప్రవాసుల కోసం నోర్కా అనే ప్రత్యేక శాఖ పెట్టుకుంది. గల్ఫ్ దేశాలలో న్యాయ సహాయం, తిరిగి వచ్చినవారికి పునరావాస రుణం దాని ద్వారా నడుస్తున్నాయి. తెలంగాణలో టామ్‌కామ్ ఉంది. గల్ఫ్‌లో మరణించినవారి కుటుంబాలకు 5 లక్షల రూపాయల సాయం ఉంది. మరణించిన తరువాత అందే సాయం అవసరమే. బతికి తిరిగి వచ్చినవాడు రెండోసారి మునగకుండా ఆపే సాయం కూడా అంతే అవసరం. జగిత్యాల, సిరిసిల్ల కలెక్టరేట్లలో శాశ్వత గల్ఫ్ డెస్క్ ఉండాలి. తిరస్కరణ కారణాన్ని రాయబార కార్యాలయం ద్వారా తెప్పించి తెలుగులో, ఉర్దూలో రాసి ఇవ్వాలి. ఉర్దూ ఈ రాష్ట్రానికి రెండో అధికార భాష అని 2017లో అసెంబ్లీ చట్టం చేసింది. ఆ చట్టం కార్యాలయాల బోర్డుల దగ్గర ఆగకుండా ఈ కాగితం వరకు రావాలి. రిజిస్టరు అయిన ప్రతి ఏజెంటూ వీసా రాకపోతే కారణాన్ని రాతలో ఇవ్వాలన్న నిబంధన కేంద్రం తేవాలి. 1983 చట్టంలో నకిలీ ఏజెంటుకు ఉన్న గరిష్ఠ జరిమానా రెండు వేల రూపాయలు. లక్షలు దోచినవాడిని ఆ అంకె భయపెడుతుందా?

ఆ యువకుడు ఐదు గుంటలు అమ్మలేదు. గల్ఫ్‌కు కూడా ఇంకా పోలేదు. జగిత్యాలలో ఒక వెల్డింగు షాపులో పనిచేస్తూ, మరొక కంపెనీ వీసా కోసం చూస్తున్నాడు. ఈసారి కంపెనీ పేరు, కఫీల్ వివరాలు ముందు రాసి ఇవ్వమని, డబ్బు బ్యాంకు ద్వారానే ఇస్తానని ఏజెంటుకు చెప్పాడట. ఏజెంటు నొచ్చుకున్నాడట. నొచ్చుకోనివ్వండి. "ఇంకోసారి వేస్తే వస్తదా" అని అడిగే ప్రతి బిడ్డా, ముందు "ఎందుకు రాలేదు" అని అడగడం నేర్చుకుంటే, మన పల్లెల్లో కుదువలో ఉన్న బంగారం కొంతైనా ఇల్లు చేరుతుంది.